గేటు దాకానా, గుమ్మం దాకానా

రెండువేల ఇరవైమూడు, మార్చి పదకొండు, శనివారం సాయంత్రం ఆరుంబావుకి జీవన్ ఇంట్లోకి వచ్చాడు. అంతకుముందు ఏడాది పొడుగునా గేటు దగ్గరే నిలబడి పోయేవాడు.

నాదెండ్లలో ఏసయ్యగారింట్లో సాయంకాలాలు ఎప్పుడూ ఒకే వరసలో నడుస్తాయి. ఎండ తగ్గాక ఆయన భార్య దయామణి వాకిలి చిమ్మి నీళ్ళు చల్లుతుంది. కోడలు భవ్య కుట్టుమిషను మీద ముసుగేసి, హుక్కులు కుట్టాల్సిన జాకెట్లు ఓ పక్కన పెట్టి, వంటింట్లోకి పోయి ఎసరు పెడుతుంది. మండలాఫీసులో అటెండరుగా చేసి దిగిపోయిన ఏసయ్య ఒళ్ళో బైబిలు పెట్టుకుని కుర్చీలో కూచుంటాడు. ఇంక కుటుంబ ప్రార్థన మొదలవ్వాలి. దానికి ముందు దయామణి అలమారలోంచి కొడుకు పాటల పెట్టె తీసి, దానికి గవ్వంత స్పీకరు తగిలించి, కిటికీలో పెట్టి మీట నొక్కుతుంది.

అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది ఆ పెట్టె. మిరపకాయల ట్రాలీ తోలినన్నాళ్ళూ జీవన్ దాన్ని తాడు కట్టి మెడలో వేసుకు తిరిగాడు. అందులో పాటలన్నీ వాడు కట్టుకున్నవే, వాడి గొంతుతో పాడుకున్నవే. ఆదివారం సంఘంలో పాడాల్సిన పాటని ముందు అందులో పాడి, విని, బాగా లేని చోట మళ్ళీ పాడి పెట్టుకునేవాడు.

పాట మొదలైన కాసేపటికి గేటు బయట కరెంటు స్తంభం పక్కన జీవన్ నిలబడేవాడు. కాలవలోంచి అప్పుడే లేచి వచ్చినట్టు లుంగీ కాళ్ళకి అంటుకుపోయి, జుట్టు నుదుటి మీద పడి ఉండేది. ఇంటి వైపు చూస్తూ ఉండేవాడు. అత్తాకోడళ్ళిద్దరూ కిటికీలోంచి అతన్ని చూసేవాళ్ళు. ఏసయ్య మాత్రం కళ్ళు మూసుకునేవాడు. పాట అయిపోయేసరికి అక్కడ ఎవరూ ఉండేవాళ్ళు కాదు, నేల మీద తడి ఉండేది. ఎదురింటి యశోద గేదెకి గడ్డి వేస్తూ, "మీవోడు ఇయ్యాల ఇటు జరిగాడేంది వదినా, మా మెట్టు దాకా తడైంది" అని, తట్ట ఎత్తుకుని తన పనిలో పడేది.

ఆ వైపు ఊళ్ళల్లో ఇది కొత్త సంగతేం కాదు. పోయినవాళ్ళ గొంతు దాచిన పెట్టె ఇంట్లో ఉంటే, స్పీకరుని బట్టి ఆ మనిషి దూరమో దగ్గరో నిలబడతాడు. చిన్నదైతే వీధిలో ఉంటాడు, పెద్దదైతే ఇంకా ఇటు వస్తాడు. ఆ పాటని ఫోనులోకి ఎక్కించుకుంటే పాట వస్తుంది గానీ మనిషి రాడు. అందుకే ఎవరూ పాత పెట్టెలు పారేసుకోరు.

జీవన్ పోయింది అంతకుముందు ఏడాది మిరపకోతల్లో. పొద్దున్నే ట్రాలీకి బస్తాలు ఎత్తుతున్నారని కబురొస్తే, భవ్య అన్నం తిని పొమ్మంది. "వచ్చి తింటాలే" అని చెప్పులేసుకున్నాడు. మధ్యాహ్నం బస్తాలు దించాక, ఒంటికి పట్టిన కారం ఘాటు కడుక్కుందామని సాగర్ కాలవలోకి దిగాడు. నీళ్ళు నిండుగా పోతున్న రోజులు. కాలు ఎక్కడ జారిందో చూసినవాళ్ళు లేరు. పాటల పెట్టె ఆ రోజు ఇంట్లో ఛార్జింగులో ఉంది గనక మిగిలింది.

అప్పట్నించి భవ్య రోజూ గిన్నెలో అతని వంతు అన్నం మిగులుస్తుంది. తెల్లారాక దాన్ని కోళ్ళకి వేస్తుంది. దయామణి మొదట్లో మెత్తగా చెప్పి చూసింది. ప్రభువు దగ్గరున్నవాడికి ఆకలి ఉండదనీ, పోయినవాళ్ళకి పెట్టే ఆనవాయితీ మనకి లేదనీ, ఏడాది నిండాక జ్ఞాపకార్థ కూడిక పెట్టి, వాక్యం చెప్పించి, వచ్చినవాళ్ళకి భోజనం పెట్టడమే మన పద్ధతనీ చెప్పింది. భవ్య అవునత్తయ్యా అంది. మర్నాడూ అన్నం మిగిల్చింది. దయామణి ఇంక ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు ఆ ఏడాదీ నిండింది. ఆదివారం మధ్యాహ్నం కూడిక అనుకున్నారు. దానితోబాటే ఇంకో మాట కూడా తేలాల్సి ఉంది.

ఎడ్లపాడు దగ్గర స్పిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా చేసే క్రాంతి కుమార్ అనే అతనికి భార్య పోయింది. వాళ్ళ అమ్మ క్రిస్మస్ అప్పుడు వచ్చి, భవ్యని తన కొడుక్కి చేసుకుంటామని అడిగింది. కారంపూడిలో భవ్య పుట్టింటివాళ్ళు సరేనన్నారు. ఏసయ్య మనసులోనూ సరే. సంఘంలో పాస్టరమ్మ దగ్గర్నించి అందరిదీ ఒకటే మాట, చిన్నపిల్ల, ఎన్నాళ్ళని అలా ఉంచుతారని. దయామణీ పదిమందిలో అవునవునంది. భవ్య మాత్రం ఏడాది వెళ్ళనీండి, కూడిక అయ్యాక చెబుతా అంది. అవునో కాదో ఆ పిల్ల మొహంలో ఎవరికీ దొరకలేదు.

దయామణికి ఆ పిల్ల వెళ్ళడం ఇష్టం లేదు. ఈ మాట ఆమె ఎవరితోనూ అనలేదు, ప్రార్థనలో కూడా అనలేదు. భవ్య వెళ్ళిపోతే సాయంత్రాలు కిటికీ దగ్గర తనొక్కతే నిలబడాలి. పెళ్ళాం లేని ఇంటి ముందు వాడు ఎన్నాళ్ళు నిలబడతాడు? కూడిక దగ్గరపడే కొద్దీ ఆమెకి ఒకటే ఆలోచన. వాడు గేటు దగ్గర ఉండబట్టి గానీ, ఇంట్లోకే వచ్చి మంచం మీద కూచుంటే, కూచున్న మొగుణ్ణి వదిలి ఏ ఆడపిల్ల గడప దాటుతుంది?

శనివారం పొద్దున మొగుడూ పెళ్ళాలు నరసరావుపేట బస్సెక్కారు. రేపు పందిట్లో అంతమంది కూచుంటే గవ్వ స్పీకరు ఎవరికి వినపడుతుందని దయామణి అన్న మాట ఏసయ్యకి సబబుగానే తోచింది. బస్టాండు ఎదురు సందులో కరీముల్లా దుకాణానికి వెళ్ళారు. పాత పెట్టెలకి పనికొచ్చే స్పీకర్లు ఆ పక్కనంతా అతని దగ్గరే దొరుకుతాయి. కరీముల్లా పాటల పెట్టెని అటూ ఇటూ తిప్పి చూశాడు. దీనికి బ్లూటూత్ లేదు, వైరు పెట్టుకునేదే కావాలన్నాడు. ఎవరి గొంతని అడిగాడు. మా అబ్బాయిదని ఏసయ్య చెప్పాడు. కరీముల్లా ఒక్క క్షణం తల దించుకుని, తర్వాత అందరినీ అడిగే మాటే అడిగాడు.

"ఎంత దూరంలో కావాలి పెద్దమ్మా? గేటు దాకానా, గుమ్మం దాకానా?"

లడ్డులా గుండ్రంగా ఉన్నదొకటి, ఇటుకలా పొడుగ్గా ఉన్నదొకటి, జంటగా రెండు డబ్బాలూ వాటి మధ్య బరువైన చిన్న పెట్టే ఉన్నదొకటి, మూడింటినీ అద్దాల బల్ల మీద పెట్టాడు. గుండ్రందానికి మనిషి గేటు లోపలికి వచ్చి వాకిట్లో నిలబడతాడు. పొడుగుదానికి గుమ్మం దాకా వస్తాడు, కానీ గడప మీద కాలు పెట్టడు. జంట డబ్బాలకి లోపలికి వస్తాడు. ఇవి మూడే ఇళ్ళకి పనికొచ్చేవన్నాడు. పెళ్ళిళ్ళకి పెట్టే పెద్ద డబ్బాలు కావాలంటే ఇంకెక్కడైనా చూసుకోమన్నాడు. చెవుల్లో పెట్టుకునేవి అసలే వద్దన్నాడు. మాచెర్లలో ఒకావిడ అలా పెట్టుకుని విని, అప్పట్నించి ఎవరు పిలిచినా పలకడం మానేసిందట.

ఏసయ్య గుండ్రందాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఇది చాలు, వాకిట్లో ఉంటే అందరూ చూసుకోవచ్చన్నాడు.

"నేనైతే మా నాయనకి ఇంతకంటే చిన్నది పెట్టుకున్నా" అన్నాడు కరీముల్లా. "ప్రతి శుక్రవారం వీధి చివర నిలబడతాడు. దగ్గరికి రానిస్తే కొట్లో సామానంతా ఎందుకిట్టా పెట్టావురా అని సర్దడం మొదలుపెడతాడు."

దయామణి నవ్వలేదు. జంట డబ్బాల మీద చెయ్యి వేసింది.

ఏసయ్య ఆమె మొహంలోకి చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన అట్లా ఆమె చెయ్యి పట్టి ఆపింది లేదు. అప్పుడూ ఆపలేదు. "అంత దగ్గరెందుకే" అని మాత్రం అన్నాడు.

కరీముల్లా వైరు చుడుతూ చెప్పాడు. "ఒక్క మాట పెద్దమ్మా. చిన్న స్పీకర్లు పాట అడుగునున్న చప్పుళ్ళు మింగేస్తయి. ఇది మింగదు. పాట నింపినప్పుడు ఆ గదిలో ఇంకేమేం వినపడ్డయ్యో అన్నీ బయట పెడతది. తర్వాత ఇట్టా అయిందని నా దగ్గరికి రావొద్దు."

"నా కొడుకు ఇంట్లో వినకూడని చప్పుళ్ళేముంటయ్యి నాయనా" అంది దయామణి.

ఒకసారి పెట్టి చూద్దామని ఏసయ్య పాటల పెట్టె తీయబోతే కరీముల్లా వద్దన్నాడు. ఇక్కడికి పిలిస్తే దారి తెలియక బజారంతా తిరుగుతాడని, ఇంట్లోనే పెట్టుకోమన్నాడు.

ఇంటికొచ్చాక దయామణి జంట డబ్బాల్ని నడవలో గూట్లో పెట్టింది. నవారు మంచాన్ని వాటికి ఎదురుగా జరిపి, ఉతికిన దుప్పటి వేసింది. భవ్య చూసి, ఇంత పెద్దదెందుకత్తయ్యా అని అడిగింది. రేపు జనం వస్తారుగా అంది దయామణి, ఆ పిల్ల వైపు చూడకుండా. భవ్య మంచం వంకా దుప్పటి వంకా చూసింది. వంటింట్లోకి పోయి గోంగూర దంచింది.

ఆరుంబావుకి దయామణి మీట నొక్కింది.

ముందు గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. పక్కన నిలబడి సవరించుకున్నట్టే ఉంది. ఏసయ్య కళ్ళు మూసుకున్నాడు. 'ఎండిన ఈ నేల మీద వానగా రావా తండ్రీ' అని పాట ఎత్తుకోగానే గేటు గడియ తీసిన చప్పుడైంది. మెట్ల మీద పడుకున్న కోళ్ళు లేచి, అటు కొన్నీ ఇటు కొన్నీ తప్పుకున్నాయి. సిమెంటు మెట్టు మీద ఒక తడి పాదం, తర్వాత ఇంకోటి. జీవన్ గుమ్మం దాటి లోపలికి వచ్చి మంచం మీద కూచున్నాడు. నవారు కుంగింది. కాలవ బురద వాసన, దాని వెనకే మిరపకాయల ఘాటు గది నిండా పరుచుకుంది. అది ముక్కుకెక్కి ఏసయ్య తుమ్మాడు, అయినా కళ్ళు తెరవలేదు.

దయామణి కొడుకు ఎదురుగా నేల మీద కూచుంది. అంత దగ్గర్లో చూసి ఏడాదైంది. గడ్డం కింద చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డ మచ్చ కనపడుతోంది. వాడి జుట్టులోంచి ఒక్కో చుక్క ఆమె పాదం మీద పడుతోంది. ఆ చల్లదనం మోకాలి దాకా ఎక్కుతున్నా ఆమె కాలు తియ్యలేదు. పాట మధ్యలో తలతిప్పి కోడలి వంక చూసింది. భవ్య వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళు మంచం మీదే ఉన్నాయి, ఒంట్లో కదలిక లేదు. ఇంక ఎక్కడికీ పోదు అనుకుంది దయామణి. ఎడ్లపాడువాళ్ళకి ఏ మాట చెప్పి పంపాలో కూడా మనసులో కూర్చుకుంది.

పాట అయిపోయింది.

ఎప్పుడూ అయితే అక్కడితో పెట్టె మూగబోయేది, గేటు దగ్గర మనిషి ఉండేవాడు కాదు. ఆ సాయంత్రం మాత్రం జంట డబ్బాల్లోంచి ఇంకా చప్పుళ్ళు వస్తూనే ఉన్నాయి. గవ్వ స్పీకరు ఇన్నాళ్ళూ మింగేసిన చప్పుళ్ళు. గిన్నె మీద మూత తీసి పెట్టిన చప్పుడు. గాజులు. ఎక్కడో కోడి. తర్వాత భవ్య గొంతు, ఇప్పటిది కాదు, పెళ్ళైన కొత్తల్లో నవ్వుని లోపల దాచుకోవడం రాని గొంతు.

"పాటైందా దొరగారూ? అన్నం చల్లారిపోతంది, రాండి."

జీవన్ వంటింటి వైపు తల తిప్పాడు.

లేచాడు. మంచం నవారు పైకొచ్చింది. దయామణి పక్కనుంచి, ఆమె వంక చూడకుండా నడిచి, గరిటె పట్టుకుని నిలబడ్డ భవ్యని దాటి, వంటింట్లో గోడవారగా, తను ఎప్పుడూ కూచునే చోట మఠం వేసుకుని కూచున్నాడు. పెట్టెలో గిన్నెల చప్పుళ్ళు మెల్లగా సాగుతూనే ఉన్నాయి.

భవ్య గరిటె దింపింది. పళ్ళెం తీసుకుని కొంగుతో తుడిచింది.

"భవ్యా, మనం పెట్టం" అంది దయామణి. ఆ మాట గద్దింపులా రాలేదు, బతిమాలినట్టు వచ్చింది.

"ఇది పెట్టడం కాదత్తయ్యా. నేను పిలిచా, ఆయనొచ్చాడు."

దయామణి చెయ్యి పాటల పెట్టె మీదికి పోయింది. మీట మళ్ళీ నొక్కితే పాట మొదటికి వస్తుంది. వాడు లేచి వచ్చి మళ్ళీ మంచం మీద కూచుంటాడు. ఎన్నిసార్లు నొక్కితే అన్నిసార్లు వస్తాడు, మొదటి ముద్ద ముట్టకుండానే. అది ఆమెకి ఎవరూ చెప్పకుండానే తెలిసింది. వేలు మీట మీద పెట్టి వంటింట్లోకి చూసింది.

భవ్య వేడన్నం వడ్డించి, పక్కన గోంగూర వేసి, చెంబుతో నీళ్ళు పెట్టి, అతని ఎదురుగా కూచుంది. ఏదో చెబుతోంది. గొంతు చాలా కింద ఉంది, దయామణికి మాటలు అందలేదు. మొగుడు అన్నం తినేటప్పుడు ఏ ఇంట్లోనైనా పెళ్ళాం చెప్పే నాలుగు మాటల్లాగే ఉంది ఆ తీరు. ఒకచోట ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది. ఒకచోట నవ్వింది. ఏడాది నించీ గేటు వైపే తిరిగి ఉన్న ఆ మొహం ఇప్పుడు పళ్ళెం మీదికి వంగి ఉంది. ఆ మొహాన్ని మళ్ళీ గేటు వైపు తిప్పడానికి ఒక్క వేలు చాలు.

దయామణి వేలు తీసేసింది.

పెట్టెలో చప్పుళ్ళు ఒకటొకటే సన్నబడ్డాయి. చివర్న చెయ్యి కడుక్కున్న నీళ్ళ చప్పుడు వచ్చింది. అది పెట్టెలోంచి వచ్చిందో, వంటింట్లోంచి వచ్చిందో ఆమె తేల్చుకోలేకపోయింది. తర్వాత ఏమీ లేదు. గోడవారగా గచ్చు మీద మనిషంత తడి మిగిలింది. చూస్తుండగానే అంచుల నించి ఆరుకుంటూ వచ్చి, అరిచెయ్యంతై, అదీ ఆరిపోయింది. ఘాటు కూడా పోయింది.

"తిన్నాడు" అంది భవ్య.

ఏసయ్య కళ్ళు తెరిచి, ఎప్పట్లాగే ప్రార్థన మొదలుపెట్టాడు. ఆ రోజు వాక్యం చదవలేదు. పరలోక ప్రార్థన ఒక్కటి చెప్పి ఆమేన్ అన్నాడు. భవ్య ఆ రాత్రి తన అన్నం తను తిని, గిన్నె కడిగి బోర్లించింది. ఎవరి వంతూ మిగల్చలేదు. గోడవారనున్న పళ్ళెం మీద మాత్రం మూత పెట్టి ఊరుకుంది.

మర్నాడు ఆదివారం. పందిరివాళ్ళు ఇంకా రాలేదు. దయామణి అందరికంటే ముందు లేచి, మొహం కడుక్కుని, గూట్లో పెట్టె మీట నొక్కింది. కొడుకు గొంతు ఇల్లంతా నిండుగా పలికింది. ఎదురింట్లో పాలు పిండుతున్న యశోద చెయ్యి ఆపి వింది. గేటు గడియ చప్పుడు కాలేదు. మెట్ల మీద కోళ్ళు పడుకున్నవి పడుకున్నట్టే ఉన్నాయి. పాటంతా అయ్యి, గిన్నెల చప్పుళ్ళయ్యి, భవ్య పిలుపు కూడా అయిపోయింది. మెట్లు పొడిగా ఉన్నాయి. దయామణి వైరు పీకి, పెట్టెకి చుట్టి, అలమారలో పెట్టింది.

తర్వాత వంటింట్లోకి పోయి మూత తీసింది. పళ్ళెంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. ఒక్క మెతుకు తగ్గలేదు. భవ్య స్నానం చేసి వచ్చి, గుమ్మంలో ఆగిపోయింది. కోళ్ళకి వేసేదా అని అడగబోయినట్టుంది, అడగలేదు. అప్పటికే అత్త పళ్ళెం ముందు కూచుని ఉంది, కొడుకు కూచున్న చోటే.

ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. ఉప్పు లేదు. పులుపు లేదు. రోట్లో దంచిన పచ్చిమిరపకాయల కారం లేదు. గోంగూర నోట్లో తడి కాగితంలా ఉంది. ఉన్న రుచంతా వాడు తినేశాడు. దయామణి రెండో ముద్ద కలిపింది. ఉప్పు తెమ్మని అడగలేదు, మజ్జిగ పోసుకోలేదు. ఒక్కో ముద్దా నమిలి, మింగి, పళ్ళెం అంచున అంటుకున్న మెతుకులు కూడా వేలితో తీసి తిన్నది. పళ్ళెంలోనే చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

ఏసయ్య నడవలోంచి చూస్తున్నాడు.

"ఎడ్లపాడుకి ఫోను చెయ్యండి" అంది. "మధ్యాన్నం కూడికకి తల్లినీ కొడుకునీ ఇద్దర్నీ రమ్మనండి. ఆ అబ్బాయి మనింట్లో భోంచేసి పోవాల."

భవ్య అత్త చేతిలోంచి పళ్ళెం అందుకుని కడిగి, కూడికకి తీసిన పళ్ళేల్లో కలిపేసింది. బయట పందిరివాళ్ళ ఆటో ఆగింది. ఏసయ్య కళ్ళజోడు వెతుక్కుని ఫోను తీశాడు. అవతల ఎత్తేలోపే భవ్య బియ్యం బస్తా దగ్గర కూచుని శేరు ముంచింది. అనుకున్నంతా కొలిచాక, ఇంకాస్త కొలిచింది.